ఊరి ముంగిలి

చార్మినార్‌ను చూడనివాళ్లు అరుదు. అది ఎవరి ముంగిట నిలబడిందో గమనించినవాళ్లు ఇంకా అరుదు. హైదరాబాద్ పుట్టిన చౌక్ చుట్టూ, నాలుగు శతాబ్దాలు దాటిన గోడల నడుమ ఒక నడక.

పాతబస్తీకి తొందరగా తెల్లవారదు. తొమ్మిదిన్నర దాటాక గుల్జార్ హౌజ్ దగ్గర మొదటి షట్టరు గరగరమంటూ లేస్తుంది. లోపలి నుంచి ఒక కుర్రాడు బకెట్టుతో వస్తాడు. చేత్తో నీళ్లు తీసి దుకాణం ముందు చల్లుతాడు. చీపురుతో దుమ్మంతా ఒక పక్కకు లాగుతాడు. పక్క దుకాణం వాళ్లదీ అదే పని. కాసేపటికి ఆ వరసంతా తడి తడిగా, చల్లగా కనిపిస్తుంది. ఆ తడి మాత్రం ఎక్కడికక్కడ గీత గీసినట్టు ఆగిపోతుంది. ఎవరి గడప ముందు వాళ్లు చల్లుకున్నారు. గీత దాటితే రోడ్డు. రోడ్డు మధ్యలో గుండ్రటి కంచె, కంచెలో నీళ్లతొట్టి, దాని చుట్టూ తిరిగే ఆటోలు, తోపుడు బళ్లు.

ఆ తొట్టి పక్కన నిలబడి నాలుగు వైపులా తలెత్తి చూడండి. ఉత్తరాన ఒక కమాను. దక్షిణాన ఒకటి. తూర్పున ఒకటి, పడమర ఒకటి. నాలుగూ ఒకే ఎత్తున, ఒకే పోలికతో, తొట్టికి సరిగ్గా నాలుగు దిక్కులా ఉన్నాయి. దక్షిణపు కమానులోంచి చూస్తే, పటం కట్టినట్టు చార్మినార్ కనిపిస్తుంది. మీరు నిలబడింది ట్రాఫిక్ ఐలాండు దగ్గర కాదు. ఒక రాజధానికి గీసిన మొదటి ముంగిట్లో నిలబడ్డారు.

మన ఇళ్లల్లో ముంగిలి అంటే గోడలూ కప్పూ లేని చోటు. అయినా ఇంటి పరువంతా అక్కడే ఉంటుంది. ముగ్గు అక్కడే, పెళ్లి పందిరి అక్కడే, వచ్చినవాళ్లను కూర్చోబెట్టే అరుగూ అక్కడే. ఊళ్లకూ అలాంటి ముంగిళ్లు ఉంటాయి. హైదరాబాద్‌కు ఇదే ఆ ముంగిలి. కట్టడాలను లెక్కపెట్టి బోర్డులు తగిలించాం కానీ, వాటిని కలిపి ఉంచిన ఈ ఖాళీ చోటును మరిచిపోయాం. ఈ చౌక్ కథ చెప్పుకోవడం అందుకే అవసరం.

దారి ముందు, ఊరు తర్వాత

గోల్కొండ కోట లోపల జనం కిక్కిరిసిన రోజులవి. కుతుబ్ షాహీల్లో నాలుగోవాడు ఇబ్రహీం కుతుబ్ షా. తెలుగు కవులు ప్రేమగా మల్కిభరాముడని పిలుచుకున్న రాజు. అద్దంకి గంగాధరుడు తపతీసంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చింది ఆయనకే. 1578లో ఆయన హయాంలో మూసీ మీద వంతెన వేశారు. 22 కమాన్ల ఆ వంతెననే ఇప్పుడు పురానాపూల్ అంటున్నాం. వంతెన పడ్డాక అవతలి గట్టు చేరువైంది.

ఆయన కొడుకు మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో అవతలి గట్టున కొత్త నగరానికి శ్రీకారం చుట్టాడు. హిజ్రీ లెక్కలో వెయ్యో సంవత్సరం అది. నగరం గీత గీసింది ఆయన పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ. ఇరాన్ నుంచి వచ్చిన పండితుడాయన. గోల్కొండ బజార్లను మచిలీపట్నం రేవుతో కలిపే వర్తకపు దారి ఈ వైపుగా పోయేది. వజ్రాలూ, అద్దకపు బట్టలూ రేవుకు చేరింది ఆ బాటలోనే. దానికి అడ్డంగా ఇంకో బాట గీస్తే కూడలి ఏర్పడుతుంది. ఆ కూడలిలో చార్మినార్ లేచింది. నాలుగు బాటలు నాలుగు బజార్లయ్యాయి. వాటి వెంట 14 వేల దుకాణాలు కట్టారని పాత చరిత్రకారులు రాశారు. ఆ లెక్క అటూ ఇటూ అయినా, ఒక మాట మాత్రం నిజం. ఈ ఊరు గోడలతో మొదలవలేదు, దారులతో మొదలైంది. తలుపులు మూసుకునే కోటలోంచి బయటికొచ్చి, నాలుగు వైపులా తెరుచుకున్న కూడలి చుట్టూ బతకాలనుకున్న రాజధాని ఇది.

నాలుగు బాటలకు ఒక గొడుగు

చార్మినార్‌ను దాని కొలతలతో చూస్తే ఇంకా అందంగా కనిపిస్తుంది. ఒక్కో వైపు 20 మీటర్లు. అన్ని వైపులా సమానం. ప్రతి వైపూ 11 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల ఎత్తు ఉన్న కమాను. మూలల్లో మీనార్లు నేల నుంచి 48.7 మీటర్లు. కమాను వెడల్పు చూడండి. అది తలుపు కొలత కాదు, బజారు కొలత. కింద నాలుగు బాటలూ కలిసి విడిపోతాయి. పైన పడమటి వైపు మసీదు. అందులో 45 మంది నమాజు చేసుకునే జాగాలు గుర్తించి ఉన్నాయి. కింద లోకవ్యవహారం, పైన ప్రార్థన. రెండింటినీ ఒకే కట్టడంలో కుదిర్చారు.

ఎందుకు కట్టారన్నదానికి కథలు చాలా ఉన్నాయి. ఊళ్లో మహమ్మారి తగ్గినందుకు మొక్కు తీర్చుకున్నారని ఒక మాట. హిజ్రీ వెయ్యేళ్లకు గుర్తుగా కట్టారని ఇంకో మాట. మహమ్మద్ కులీ, భాగమతిల ప్రేమకథను ముడిపెట్టేవాళ్లూ ఉన్నారు. ఏ కథను నమ్మినా, కట్టడం పని కళ్లెదుటే ఉంది. నాలుగు బాటలు కలిసేచోట ఊరికంతటికీ ఒక గొడుగు పట్టడం దాని పని.

గోడలు నల్లరాయి, సున్నం. ఒళ్లంతా గచ్చు అలంకరణ. ఈ గచ్చు దగ్గర కాసేపు ఆగాలి. దూరం నుంచి చూస్తే రాతిమీద చెక్కిన పువ్వులనుకుంటాం. దగ్గరికెళ్తే ఉలి దెబ్బలు ఎక్కడా కనిపించవు. వేళ్లతో, చిన్న తాపీతో తడి మీదే మలిచిన అంచులు కనిపిస్తాయి. ఒక పువ్వు రేకు పక్క పువ్వు రేకంత ఉండదు. వెంట్రుకవాసి తేడా. అచ్చు పోసిన సిమెంటు పువ్వుకు ఆ తేడా రాదు. బాగా నానిన సున్నాన్ని ఇసుకతో కలిపి, బెల్లపు నీళ్లూ మారేడు గుజ్జూ పోసి మెదిపే సంప్రదాయ గచ్చు నెమ్మదిగా బిగుస్తుంది, నెమ్మదిగా రాయవుతుంది. అది గాలి పీల్చుకుంటుంది, తేమను వదులుతుంది. వాన ఎక్కువైనా, పొగ పట్టినా, పక్కన బరువైన బళ్లు అదిరినా ముందు దెబ్బ తినేదీ అదే. 2019 మే నెలలో ఒక మీనారు నుంచి గచ్చు ముక్క ఊడి కింద పడింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. పురావస్తు శాఖ వాళ్లు మళ్లీ సున్నంతోనే అతికారు. నాలుగు వందల ఏళ్ల నాటి పువ్వును ఇప్పటి మేస్త్రీ వేలు మళ్లీ మలిచింది.

నాలుగు వైపులా గడియారాలు తర్వాత వచ్చాయి, 1889లో. లోపలి మలుపుల మెట్లు పైదాకా 149. సందర్శకులను మొదటి అంతస్తు దాకానే పంపుతారు. అదే చాలు. అక్కడి నుంచి చౌక్ మొత్తం అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. ఉత్తరాన చార్‌కమాన్, పడమర లాడ్ బజార్, నైరుతిలో మక్కా మసీదు, దాని ఎదుట యునానీ ఆసుపత్రి, తూర్పున సర్దార్ మహల్‌కు పోయే బాట. కింద నిలబడి చార్మినార్‌ను చూస్తే ఒక కట్టడమే కనిపిస్తుంది. చార్మినార్ మీద నిలబడి చూస్తే ఊరి గీత కనిపిస్తుంది.

నాలుగు కమాన్లు, నాలుగు కథలు

చార్మినార్‌కు ఉత్తరాన కొద్ది దూరంలోనే చార్‌కమాన్. నగరం పుట్టిన మొదటి ఏళ్లలోనే ఇవీ లేచాయి. వీటి నడుమ ఉన్న మైదానాన్ని జిలౌఖానా అనేవారు. రాజుగారి పరివారం, గుర్రాలు, సిపాయిలు వచ్చి నిలబడే చోటు. అచ్చ తెలుగులో చెప్పాలంటే రాజభవనం ముంగిలి. నడిమధ్యన తొట్టి. మొదట దాని పేరు చార్ సూ కా హౌజ్, అంటే నాలుగు దిక్కుల తొట్టి. కాలక్రమేణా గుల్జార్ హౌజ్ అయింది.

దక్షిణపు కమాను చార్మినార్‌కు ఎదురుగా ఉంటుంది కాబట్టి చార్మినార్ కమాన్. ఉత్తరపుది మచిలీ కమాన్. శుభం కలగాలని దానికి చేప బొమ్మ వేలాడదీసేవారని చెబుతారు. తూర్పుది కాలీ కమాన్, ఒకప్పటి నగారాఖానా. రాజు రాకపోకలకూ, పూటపూటకూ అక్కడి నుంచి నగారా మోగేది.

పడమటి కమాను కథ అన్నింటికన్నా చిత్రమైంది. అది రాజభవనాలకు ప్రధాన ద్వారం. జరీ పరదా వేలాడేదంటారు. ఆ పరదా దాటితే మామూలు జనానికి ప్రవేశం లేదు. దిష్టి, చేతబడి తగలకుండా అక్కడొక రాయి నాటారనీ, అందుకే దానికి సెహర్-ఎ-బాతిల్, అంటే మాయను పోగొట్టేది అని పేరొచ్చిందనీ పెద్దలు చెబుతారు. జనం నోళ్లలో సెహర్ కాస్తా షేర్ అయింది. షేర్ అంటే పులి, సింహం. షేర్-ఎ-బాతిల్ అయ్యాక, ఇంకా నలిగి మిట్టీ కా షేర్ అయింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా మట్టి సింహం కమాను అనే చూపిస్తారు. మాయను పోగొట్టిన రాయి పోయింది, పరదా పోయింది. ఒక మాట జారడంతో పుట్టిన సింహం మాత్రం ఇప్పటికీ కాపలా కాస్తోంది.

ఆ కమాను వెనక ఉండాల్సిన రాజభవనాలు ఒక్కటీ మిగల్లేదు. పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి యాత్రికులు ఆ మహళ్లనూ, తోటలనూ వర్ణించారు. 1687లో గోల్కొండ మొగలుల చేతికి చిక్కింది. ఆ యుద్ధాల ఏళ్లలో నగరం దోపిడీకి గురైంది. రాజధాని హోదా పోయింది. మహళ్లు కూలాయి, ఆ స్థలంలో ఇళ్లు లేచాయి. ఇల్లు పోయింది, ముంగిలి మిగిలింది. ఇది తలుచుకున్నప్పుడల్లా మనసు చలిస్తుంది. రాజు కట్టుకున్నవి పోయి, రాజు జనానికి వదిలిన చోటు నిలిచింది.

ముప్పాతిక శతాబ్దం కట్టిన మసీదు

చౌక్ దగ్గరి మసీదుల్లో జామా మసీదు పెద్దక్క. చార్‌కమాన్ పక్కనే, 1597లో మహమ్మద్ కులీ కాలంలోనే కట్టింది. దుకాణాల వెనక దాగి ఉండడంతో చాలామందికి కనిపించదు.

అందరికీ కనిపించేది మక్కా మసీదు. 17వ శతాబ్దం రెండో దశకంలో మహమ్మద్ కులీ అల్లుడు మహమ్మద్ కుతుబ్ షా దీనికి పునాది వేశాడు. ఆయన తర్వాత అబ్దుల్లా కుతుబ్ షా కాలమంతా పని సాగింది. ఆ వంశంలో చివరివాడు తానాషా కాలంలోనూ ముగియలేదు. చివరికి కుతుబ్ షాహీలను ఓడించిన ఔరంగజేబే 1694 ప్రాంతంలో పని ముగించాడు. ముప్పాతిక శతాబ్దానికి పైగా పట్టిందన్నమాట. తాత మొదలుపెట్టిన గోడమీద మనవడు రాళ్లు పేర్చి ఉంటాడు. ప్రార్థనా మందిరం 75 అడుగుల ఎత్తు, 220 అడుగుల వెడల్పు, 180 అడుగుల లోతు. పదివేల మంది ఒక్కసారి నమాజు చేయొచ్చు. నడిమి కమానులోని ఇటుకలను మక్కా మట్టితో చేయించారని, పేరు అందుకే వచ్చిందని చెబుతారు.

ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చేనాటికి మసీదు ఇంకా సగంలోనే ఉంది. పని పూర్తయితే దేశంలోకెల్లా గొప్ప కట్టడమవుతుందని రాశాడు. ప్రార్థన గూటికి వాడిన ఒక్క రాయిని గనిలోంచి తీయడానికి అయిదేళ్లు పట్టిందని, ఐదారు వందల మంది పనిచేశారని, దాన్ని లాక్కురావడానికి 1,400 ఎడ్లు కట్టారని ఆయన లెక్క. ఆ ఎడ్లూ, ఆ కూలీలూ ఈ చుట్టుపక్కల పల్లెల నుంచే వచ్చి ఉండాలి. ఏ రాతి మీదా వాళ్ల పేర్లు లేవు. లోపలికి వెళ్లినప్పుడు ఆ గూటి రాయి దగ్గర ఒక్క నిమిషం నిలబడితే వాళ్లకు దండం పెట్టినట్టే.

ప్రాంగణంలో ఒక పక్క కమాన్ల వసారాలో నిజాం అలీఖాన్ మొదలు ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దాకా అసఫ్ జాహీ ప్రభువుల సమాధులు వరసగా ఉన్నాయి. వాటి ముందు పావురాలు, గింజలు చల్లే పిల్లలు. 2007 మే 18న శుక్రవారం నమాజు వేళ ఇక్కడ బాంబు పేలింది. ఆ గాయాన్నీ ఈ ముంగిలి మోసింది, మళ్లీ పావురాలను పిలుచుకుంది.

వరద తెచ్చిన కొత్త ముఖం

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. పదిహేను వేల మంది దాకా పోయారని అంచనా. మదీనా చౌరస్తా దగ్గర్లో, మొహర్రంలో పీర్లు నిలిపే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉంది. మహమ్మద్ కులీ కాలంలో కట్టింది. 1611లో దాని గోడలకు పచ్చ, పసుపు, నీలి రంగుల పలకలు అతికారు. వరద నీళ్లు లోపలికి వచ్చి కొంత మేర పలకలు పోయాయి. పోయిన చోట రంగులతో పలకల్లాగే బొమ్మలు వేశారు. గోడ దగ్గరికెళ్తే తేడా తెలుస్తుంది. ఒకచోట పలక నిగనిగలాడుతుంది, ఇంకోచోట రంగు మసకగా ఉంటుంది. రెండింటి మధ్య గీత మీద చూపు నిలిపితే వరద ఎంతదాకా వచ్చిందో కంటికి ఆనుతుంది. ఏ మ్యూజియమూ ఇంత సూటిగా చెప్పలేదు.

వరద తర్వాత, ప్లేగు తర్వాత ఊరు తనను తాను మళ్లీ కట్టుకోవాలనుకుంది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు సందులను తొలగించి బాటలు వెడల్పు చేశారు. మదీనా నుంచి చార్‌కమాన్ దాకా రెండు వైపులా చెక్కిన నల్లరాతితో ఒకే వరసలో దుకాణాలు లేచాయి. అదే పత్తర్‌గట్టీ. కింద కమాన్ల వసారా, పైన కిటికీలు. వానలోనూ ఎండలోనూ తడవకుండా, మాడకుండా కొనుగోలుదారు ఈ కొస నుంచి ఆ కొసకు నడవొచ్చు. ఒక దుకాణం ఇంకోదాన్ని మించి ఎగరదు. ఇవాళ ముత్యాలకూ, బట్టలకూ ఆ వరస పేరుమోసింది. సైన్‌బోర్డులు పక్కకు తప్పించి చూస్తే, నూరేళ్ల కిందటే బజారుకు ఒక క్రమశిక్షణ నేర్పిన వాస్తు కనిపిస్తుంది.

అసఫ్ జాహీల కాలం ఈ చౌక్‌కు ఇంకొన్ని చేర్చింది. మహబూబ్ చౌక్ గడియార స్తంభాన్ని 1892లో ప్రధాని ఆస్మాన్ జా కట్టించాడు. సర్దార్ మహల్‌ను 1900లో ఆరో నిజాం తన బేగం కోసం ఐరోపా పద్ధతిలో కట్టించాడు. ఆమెకు అది నచ్చలేదు, కాపురం పెట్టలేదు. ఇంటికి మాత్రం ఆమె పేరే ఉండిపోయింది. తర్వాత అది నగరపాలక సంస్థ చేతికొచ్చింది. మక్కా మసీదు ఎదుట ఏడో నిజాం కాలంలో లేచిన నిజామియా యునానీ ఆసుపత్రి ఇప్పటికీ రోగులను చూస్తోంది. గుమ్మటాలూ కమాన్లూ ఉన్న ఆ కట్టడం పక్క మసీదుతోనూ, చార్మినార్‌తోనూ పోటీ పడదు. వాటి మాటకు మాట కలుపుతుంది. కొత్తగా కట్టేవాళ్లకు అది పెద్ద పాఠం.

లక్క చల్లారేలోపు

కట్టడాలు గోడలతోనే బతకవు. చార్మినార్‌కు పడమర లాడ్ బజార్‌లోకి తిరిగి, మెరిసే దుకాణాలు దాటి, వెనక సందుల్లోకి వెళ్లాలి. చిన్న గదిలో బొగ్గుల కుంపటి. దాని ముందు మఠం వేసుకు కూర్చున్న మనిషి. రంగు కలిపిన లక్క ముద్దను కర్ర కొసన పట్టి నిప్పు మీద తిప్పుతాడు. మెత్తబడగానే చెక్కతో నొక్కి సన్నగా సాగదీస్తాడు. చివరలు కలిపి గుండ్రం చేస్తాడు. కొలత సరిచూసేది కళ్లతోనే. ఆ వేడి చల్లారేలోపే అద్దపు పూసలు, రాళ్లు ఒక్కొక్కటి గాజు ఒంటికి అద్దాలి. లక్క బాగా వేడిగా ఉంటే రాయి మునిగిపోతుంది, చల్లబడితే అంటదు. ఆ రెండింటి నడుమ దొరికే కొద్ది క్షణాల్లోనే వేళ్లు పని ముగించాలి. మధ్యలో ఆ చేయి మళ్లీ నిప్పు దగ్గరికి పోతుంది, మళ్లీ వస్తుంది. వేళ్ల కొసలు కాయలు కాసి నున్నగా ఉంటాయి.

ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. హైదరాబాద్ హలీమ్ తర్వాత నగరానికి దక్కిన రెండో గుర్తింపు ఇది. గుర్తింపు కాగితం గర్వకారణమే. అయితే ఆ సందులో గది అద్దె పెరిగితే, పెద్ద దుకాణం గోదాముకు జాగా కావాలంటే, కుంపటి ముందు మనిషి ఊరి చివరికి పోతాడు. అతడు పోయాక లాడ్ బజార్‌లో గాజులు ఉంటాయి, గాజుల బజారు ఉండదు.

ముంగిలికి ఏమైంది

చార్మినార్ చుట్టూ బళ్లు ఆపాలన్న పాదచారుల పథకం ఆలోచన పాతికేళ్ల పైచిలుకు పాతది. చాలా ఏళ్ల నలుగుడు తర్వాత రాళ్లు పరిచారు, బళ్లు ఆపారు. ఇవాళ చార్మినార్ కింద పిల్లలు పరుగెత్తగలుగుతున్నారంటే ఆ పుణ్యమే. అయితే ఆ మేలు చార్మినార్ దగ్గరే ఆగిపోయింది. రెండు నిమిషాలు నడిస్తే చార్‌కమాన్. అక్కడ కమాన్ల కాళ్లకు దుకాణాలు అతుక్కున్నాయి, భుజాల మీద కేబుళ్లు వేలాడుతున్నాయి. నాలుగు దిక్కుల తొట్టి చుట్టూ బళ్లు ఆపుకునే చోటు. ఊరికి గుర్తుగా చార్మినార్‌ను రాష్ట్ర చిహ్నంలో పెట్టుకున్నాం. ఊరికి మూలమైన చౌక్‌ను పార్కింగుకు వదిలేశాం.

ఇది అందానికి సంబంధించిన గోడు మాత్రమే కాదు. 2025 మే 18 ఆదివారం పొద్దున గుల్జార్ హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన కాపురం ఉన్న ఒక పాత ఇంట్లో మంటలు లేచాయి. పదిహేడు మంది చనిపోయారు. వాళ్లలో ఎనిమిది మంది పిల్లలు. లోపలికి వెళ్లే దారి ఇరుకు, పైకి ఒకే మెట్ల దారి. ఆ ఉదయం తర్వాత పాత ఇళ్ల గురించి ఎవరూ ముచ్చటగా మాత్రమే మాట్లాడలేరు. పాత గోడను కాపాడడమంటే ముందు ఆ గోడ వెనక పడుకునే మనిషిని కాపాడడం. కరెంటు తీగలు మార్చడం, రెండో దారి తెరవడం, సందులోకి నీళ్ల బండి వచ్చే వీలు చూడడం, ఇవన్నీ వారసత్వ పరిరక్షణలో మొదటి పనులు. గచ్చు పువ్వు సంగతి ఆ తర్వాత.

ముంగిలిని ఖాళీగా ఉంచడంలో ఉన్న అర్థమే అది. నాలుగు వందల ఏళ్ల కిందట మీర్ మోమిన్ గీసిన విశాలమైన మైదానం ఒట్టి అలంకారం కాదు. గాలి ఆడడానికి, జనం నిలబడడానికి, ఆపద వస్తే బయటికి రావడానికి పనికొచ్చే చోటు. ఆ ఖాళీని అంగుళం అంగుళం తినేశాక గోడలు మిగిలినా అవి ఊపిరాడని గోడలే.

చేయదగ్గవి అసాధ్యమైనవేమీ కాదు. బళ్లు లేని హద్దును చార్మినార్ నుంచి చార్‌కమాన్ దాటి పత్తర్‌గట్టీ దాకా జరపాలి. కమాన్లకు అతుక్కున్నవాటిని తీసేటప్పుడు ఆ దుకాణాల వాళ్లకు అదే బజారులో చోటు చూపించాలి. వాళ్లు తరాలుగా ఇక్కడివాళ్లు, ఆక్రమణదారులని తేలిగ్గా అనలేం. తీగలను భూమిలోకి దించాలి. సున్నపు గచ్చు మలిచే మేస్త్రీలు ఈ కట్టడాల పక్కనే కుర్రవాళ్లకు పని నేర్పే ఏర్పాటు ఉండాలి. లక్క కుంపట్లకు సందులోనే తక్కువ అద్దెకు గదులు కావాలి. గోల్కొండ, కుతుబ్ షాహీ సమాధులు, చార్మినార్ కలిసి 2010 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. వచ్చి చూసేవాళ్లు ఒక్క కట్టడాన్నే కాదు, దాని చుట్టూ ఉన్న బతుకునూ చూస్తారు.

అందరూ నడిచే బాట

మొహర్రం పదో రోజు బీబీ కా ఆలం అనే పీరు దబీర్‌పురా నుంచి ఏనుగు మీద బయల్దేరి చార్మినార్, గుల్జార్ హౌజ్ మీదుగా చాదర్‌ఘాట్‌కు వెళ్తుంది. ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాల మర్నాడు, అక్కన్న మాదన్న గుడి ఘటం అదే బాటలో ఏనుగెక్కి నయాపూల్‌కు పోతుంది. అక్కన్న, మాదన్న తానాషా కొలువులో మంత్రులు. వాళ్ల పేరు మీదున్న గుడి నుంచి వచ్చే అమ్మవారు, వాళ్లు ఏలిన ముంగిట్లోంచే నడుస్తుంది. భాద్రపదంలో బాలాపూర్ గణపయ్య కూడా ఇటే వస్తాడు. దీపావళికి మీనారు పాదం దగ్గరి భాగ్యలక్ష్మి గుడి ముందు వరసలు. రంజాన్ రాత్రుల్లో పత్తర్‌గట్టీ కమాన్ల కింద తెల్లవార్లూ బేరాలు. ఈ ఊరేగింపులేవీ ఒకదాన్ని అడిగి ఒకటి రావు. అన్నింటికీ దారి ఒకటే. ఎందుకంటే ఆ దారి ఎవరిదీ కాదు, అందరిదీ.

ఆ రోజుల్లో చూడాలి ఈ చౌక్‌ను. పోలీసులు ముందురోజే బళ్లను తప్పిస్తారు. తోపుడు బళ్లు పక్కకు జరుగుతాయి. కాసేపటికి చార్‌కమాన్ నడుమ నిజంగానే మైదానం పరుచుకుంటుంది. నాలుగు కమాన్లూ ఒకదానికొకటి కనిపిస్తాయి. జిలౌఖానా మళ్లీ లేచి నిలబడుతుంది. ఊరేగింపు దాటిపోగానే, ఎవరో ఒక ఆటో తెచ్చి తొట్టి పక్కన ఆపుతారు. ముంగిలి మళ్లీ మాయమవుతుంది. అంటే అది పోలేదు. మన బళ్ల కిందే ఉంది. పండగకు చేయగలిగింది మామూలు రోజునా చేయొచ్చని ఏటా మనకు చూపిస్తూనే ఉంది.

మరుసటి ఉదయం తొమ్మిదిన్నరకు మళ్లీ ఆ షట్టరు లేస్తుంది. కుర్రాడు బకెట్టు తెస్తాడు, గడప ముందు నీళ్లు చల్లుతాడు. తడి, గీత దగ్గర ఆగుతుంది. నాలుగు అడుగులు వేస్తే నాలుగు దిక్కుల తొట్టి. ఆ నాలుగడుగుల నేలా మన గడప ముందుదే అనుకున్న రోజు, తడి ఇంకాస్త ముందుకు జరుగుతుంది.